ప్రభువు పేరిట అడ్తి దుకాణం

"మహాజనులారా! క్రీస్తు వచ్చే దినం దగ్గరపడింది! ఎవరూ తప్పించుకోలేరు!"

ఆర్మూరు పసుపు బజారులో జీపు మీది మైకు ఇలా ప్రకటించిన ఉదయాన మా ఊరి భయభక్తులు ఎంతటివో లోకానికి తెలిసింది. మైకు పాతది, పైగా జలుబు చేసిన మైకు. దాని గొంతులోంచి 'క్రీస్తు'గా బయలుదేరిన మాట బజారు చేరేసరికి 'కిస్తు' అయింది. కిస్తు వచ్చే దినం దగ్గరపడిందని, ఎవరూ తప్పించుకోలేరని వినగానే పంట అప్పులున్న పెద్దమనుషులందరూ పసుపు కుప్పలు వదిలేసి గోనెసంచుల వెనక్కి సర్దుకున్నారు. ఒకాయన సైకిలెక్కితే ఏర్గట్లలో గాని దిగలేదు.

జీపులో ఉన్నది బ్యాంకువాళ్లు కాదని, దైవజనులని, మనం కట్టవలసిందేమీ లేదని, అంతా క్రీస్తే కట్టేశాడని వాళ్లు చెబుతున్నారని మధ్యాహ్నానికి తేలింది. సంచుల వెనకనుంచి జనం నవ్వుకుంటూ బయటికి వచ్చారు. తప్పుగా విన్నామనుకున్నారు. నిజానికి ఆ రోజు మొత్తం మీద మావాళ్లు సరిగ్గా విన్నది ఆ మొదటి మాట ఒక్కటే.

జీపు దిగినవారు బ్రదర్ డాక్టర్ యొర్దాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. మనిషి మొత్తంలో నల్లనిది గడ్డం ఒక్కటే, అదీ రంగు వేస్తే. ఆయన దేనికి డాక్టరో ఎవరూ అడగలేదు. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, వాసన పట్టి, పంటికింద కొరికి గాని బేరానికి దిగని ఊరు మాది. మనిషిని మాత్రం పై పాలిష్ చూసి తీసుకుంటాం. మనుషులను కొరకడం మర్యాద కాదు కదా.

మా బజారు కట్టుబాటు తెలియనివారికి ఒక మాట. రైతు పసుపు తెస్తాడు. కొనే వ్యాపారి ఎదురుగానే నిలబడి ఉంటాడు. అయినా ఇద్దరూ నేరుగా మాట్లాడుకోరు. నడుమ అడ్తిదారు ఉంటాడు. సరుకు ఆయన దుకాణం ముందు పోయాలి, ధర ఆయన పలికించాలి, కమీషన్ ఆయన కోసుకోవాలి. అడ్తిదారు లేకుండా అమ్మిన పసుపు మా దృష్టిలో పస లేని పసుపు.

ఈ సంగతి బ్రదర్ యొర్దాను వచ్చిన రోజునే కనిపెట్టారు. సాయంత్రం సభలో ఆయన గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు:

"ప్రియమైన సహోదరీ సహోదరులారా! మీ పసుపునే మీరు నేరుగా అమ్ముకొనలేరే, మీ పాపములను నేరుగా ఎట్లు వదిలించుకొందురు? పరలోకమునకు అడ్తిదారు వద్దా? వద్దా అని అడుగుచున్నాను! ఆర్మూరు, కమ్మర్‌పల్లి, ఏర్గట్ల ఏరియాకు ప్రభువు నన్ను తన అడ్తిదారునిగా నియమించియున్నాడు!"

వేరే ఊళ్లోనైతే ఎవరో ఒకరు ఆ నియామకపు కాగితం చూపించమనేవారు. మా ఊళ్లో చప్పట్లు కొట్టారు. పరలోకం గురించి ఇన్నాళ్లకు ఒకరు అర్థమయ్యేట్టు చెప్పారని మెచ్చుకున్నారు. కోడిపుంజు మార్కా పసుపు సంచుల యజమాని, పెద్ద అడ్తిదారు అయిన కాశీరాం సేటు ముందు వరుసలో లేచి నిలబడి, తన గోదామును ప్రభువుకు అప్పగించాడు. ప్రభువు తరఫున తాళంచెవి బ్రదర్ పుచ్చుకున్నారు.

మా ఊళ్లో అప్పటికే ఒక పెంకుల చర్చి ఉంది. అందులో సామ్యేల్ అయ్యగారు అనే ముసలి పాస్టరు ఉన్నాడు. ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చాడు: "దేవుని దగ్గరికి ఎవరైనా నేరుగా పోవచ్చు. నడుమ నేను గూడ అక్కర లేదు. ఇచ్చేది ఏం లేదు." ఇలాంటి మాటలు చెప్పేవాడిని బజారు ఎలా నమ్ముతుంది? కాశీరాం సేటు ఆ రోజుల్లోనే తేల్చేశాడు: "కమీషన్ లేకుంట మాల్ ఇప్పిస్తనంటున్నడంటే, మాల్ల పుచ్చన్న ఉండాలె, మనిషిల మచ్చన్న ఉండాలె." అందుకని ఆయన చర్చికి పదిమంది పోతే ఊరంతా పోయినట్టు లెక్క. యొర్దాను గారు పాస్టరు కాదు, ఫాస్టరు. వచ్చిన నెలలోనే గోదాము చాలక బజారులోకి షామియానా లాగారు.

దుకాణమన్నాక బేరం పద్ధతి కావాలి. పశువుల అంగడిలో ఎద్దుల బేరం నోటితో సాగదు. దళారి తన చెయ్యి, రైతు చెయ్యి ఒకే తువ్వాల కింద దాచి, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. చూసేవాళ్లకు తువ్వాల కదలడమే కనిపిస్తుంది. బ్రదర్ యొర్దాను ఈ సదాచారాన్ని పరలోకం దాకా పొడిగించారు. భక్తులు తెల్ల తువ్వాల కిందికి చెయ్యి చాపాలి. బ్రదర్ కళ్లు మూసుకుంటారు. ప్రభువు ఆయన ద్వారా వేళ్లు నొక్కుతాడు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత కానుక. కానుక అంటే ఎవరూ కానకుండా ఇచ్చేది అని ఆయనే అర్థం చెప్పారు. ఇక చెయ్యి వదిలేముందు అరచేతి నడుమ సన్నగా ఒక గిలిగింత పుట్టేది. దాన్ని 'అభిషేకపు గిలిగింత' అన్నారు. అది తగిలిన ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. మగవాళ్లు రెండోసారి లైనులో నిలబడేవారు. ఇంట్లో ఇలవేల్పులున్నవాళ్లు కూడా, "ఒక్క అడ్తినే నమ్ముకుంటే ఎట్ల? ఇంకో దుకాణంల గూడ రేటు అడుగుదాం" అని వచ్చేవారు.

అన్నీ ప్రభువు పేరిటే జరిగేవి. తలవాల్చుకోవడానికి చోటు లేదని చెప్పుకున్న ప్రభువుకు మామిడిపల్లి రోడ్డులో రెండు ప్లాట్లు వచ్చాయి. గాడిద మీద ఊరేగినవాడికి జీపు పోయి అంబాసిడరు వచ్చింది. ఎండలో నడిచినవాడికి కూలరు వచ్చింది. కాళ్లు కడిగినవాడి పేరిట బ్రదర్ గారి కాళ్లు కడగడానికి మనుషులు వంతులు వేసుకున్నారు. ప్రభువు రోజూ మాట్లాడేవాడు. ఎవరు ఎవరింటి పిల్లను చేసుకోవాలో చెప్పేవాడు, ఏ రైతు ఏ దుకాణంలో పసుపు పొయ్యాలో కూడా చెప్పేవాడు. అది ఎప్పుడూ కాశీరాం సేటు దుకాణమే కావడం దైవలీల. ఒక్కోసారి తొందరలో ప్రభువు మాటలో గోదావరి అవతలి ఒడ్డు యాస దొర్లేది. సర్వవ్యాపి కదా, అక్కడ కూడా కొన్నాళ్లు ఉండి ఉంటాడని సరిపెట్టుకున్నాం.

ఈ దుకాణానికి వచ్చిన వాళ్లలో భాగ్యవ్వ ఒకతె. ఆమె పెనిమిటి రాజన్నకు టీబీ. దవాఖానలో డాక్టరు గోళీలిచ్చి, "నిమ్మళమైందని నడుమ ఆపితే మనిషి దక్కడు" అని గట్టిగా చెప్పి పంపాడు. గోళీలతో రాజన్న దగ్గు సగమైంది, తిండి రెట్టింపైంది, చేను గట్టు దాకా నడిచి పోయి పసుపు తవ్వేవాళ్లను తిట్టేంత ఓపిక వచ్చింది. ఇంత మేలు జరిగినప్పుడు ఎవరికో ఒకరికి దండం పెట్టాలి. గోళీలకు ఎవరు పెడతారు? భాగ్యవ్వ మంచి కొమ్ములు ఏరి గంపకెత్తుకుని వచ్చి, తువ్వాల కిందికి చెయ్యి చాపింది.

బ్రదర్ కళ్లు మూసుకుని, "ప్రభువు అడుగుచున్నాడు. నా కుమారీ, నీ నమ్మకము నా మీదనా, గోళీల మీదనా?" అన్నారు.

"నీ మీదనే తండ్రీ," అంది భాగ్యవ్వ. ఇంకేమంటుంది?

"అయితే ఆ గోళీలు పారవేయుమని ప్రభువు మాట."

గిలిగింత తగిలింది.

భాగ్యవ్వ గోళీలు పారెయ్యలేదు. పసుపు పండించే ఆడది ఏదీ పారెయ్యదు. పొట్లం కట్టి కొంగున ముడేసుకుని, రాజన్నకు ఇవ్వడం మాత్రం మానేసింది. రాజన్న పొంగిపోయాడు. "గోళీలు చేదు, ప్రార్థన తీపి. మస్తు మంచిగైంది పో," అన్నాడు.

సంగతి తెలిసి సామ్యేల్ అయ్యగారు కర్ర పట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. "భాగ్యవ్వా, ప్రభువు పేరు చెప్పి ఎవరో నీతోటి గోళీలు బంద్ చేపిచ్చిన్రట. ఆయన గట్ల చెప్పేటోడు గాదమ్మా. మింగుమను."

"మీకెట్ల ఎరుక అయ్యా? మీరు కమీషన్ గూడ తీసుకోరాయె. మీతోటి ఆయన ఏం ముచ్చట పెడ్తడు?" అంది భాగ్యవ్వ, ఆయన మీద జాలిపడుతూ.

కళ్లాల్లో పసుపు ఉడికే రోజులకు రాజన్న మంచం దిగడం మానేశాడు. ఒకనాడు పొద్దున ఊళ్లో ఎటు చూసినా పసుపే ఉంటే, రాజన్న ఉమ్మిలో మాత్రం ఎరుపు పడింది.

భాగ్యవ్వ కొంగుముడి పట్టుకుని వీధిలోకి ఉరికింది. బ్రదర్ యొర్దాను కమ్మర్‌పల్లిలో సభ పెట్టారని విని, అంకాపూర్‌లో ఉన్న అన్న భోజన్నకు కబురు పెట్టింది. భోజన్న విత్తనాల పంట వేసే రైతు, బ్రదర్ తువ్వాల వైపు ఎన్నడూ పోనివాడు. "నా చెయ్యి లగ్గంనాడే ఒకామెకిచ్చిన, ఇంక ఇచ్చేతందుకు చెయ్యి లేదు" అనేవాడు. ట్రాక్టరు తెచ్చి, ట్రాలీలో గోనెసంచులు పరిచి బావను పడుకోబెట్టాడు. "దవాఖానకు పోదాం చెల్లె," అన్నాడు. "ఆయన్ను ఒక్కమాట అడిగి పోదాం అన్నా," అంది చెల్లెలు.

కమ్మర్‌పల్లిలో బ్రదర్ తెర వెనక ఉన్నారు. మైకులో గొంతు వస్తోంది, తెర సందులోంచి తువ్వాల కప్పిన చెయ్యి వస్తోంది. భాగ్యవ్వ ఆ చెయ్యి పట్టుకుని చెప్పింది: "అయ్యా, నువ్వు గోళీలు బంద్ చెయ్యమంటే చేసిన. గిప్పుడు నెత్తురు పడుతున్నది."

తెర వెనక కాసేపు ప్రభువు, బ్రదర్, మైకు ముగ్గురూ మౌనం వహించారు. తరువాత ఎవరో మామూలు మనిషి గొంతుతో, "అవ్వా, ముందుగాల గోళీలు మింగిపియ్యి! జల్ది దవాఖానకు తీస్కపో! ప్రార్థన తర్వాత జేద్దాం!" అని వినిపించింది. చెయ్యి గబుక్కున లోపలికి పోయింది. గిలిగింత తగలలేదు.

భాగ్యవ్వకు దిక్కు తోచలేదు. ఒకే ప్రభువు, ఒకే అడ్తిదారు, రెండు రేట్లు! "గిలిగింత తగల్లే అన్నా. గీ మాట పక్కా మాట గాదు. ఆర్మూరుల దుకాణంల అడిగి నిజం జేసుకుందాం," అంది. దవాఖాన దారి కూడా అటే కాబట్టి భోజన్న పళ్లు కొరుక్కుంటూ ట్రాక్టరు తిప్పాడు.

ఆర్మూరులో బ్రదర్ యొర్దాను కూలరు ముందు ఉన్నారు. "పొద్దున కమ్మర్‌పల్లిల మీరే గోళీలు మింగుమంటిరి గద అయ్యా. మింగాల్నా, ఒద్దా? మనిషి పోయేటట్టున్నడు," అని భాగ్యవ్వ అడగగానే ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"కమ్మర్‌పల్లిలోనా? నేనా?"

మనిషి పోతున్నాడన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. పేరు పోయిందన్నది మాత్రం ఎక్కింది. కమ్మర్‌పల్లి యొర్దాను ఎవరో కాదు, ఆయన దగ్గర మైకులో కేకలేసిన ముకుంద్. జీతం చాలక పాత మైకు చంకన పెట్టుకుని వెళ్లిపోయి, ఒక తెర, ఒక తువ్వాల కొని, గురువు పేరుతోనే దుకాణం తెరిచాడు. కమ్మర్‌పల్లి జనానికి తెలిసింది జీపు మైకులో గొంతే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నెత్తురు మాట విన్నాక భయం పట్టుకుని, తువ్వాల మడిచి బస్సెక్కి, ఆర్మూరు బస్టాండులో దిగుతూనే బ్రదర్ మనుషులకు దొరికాడు.

బజారంతా ఠాణాకు తరలింది. ట్రాక్టరు కూడా అక్కడే ఆగింది. దవాఖాన ఇంకో ఫర్లాంగే ఉంది గాని, భాగ్యవ్వ ట్రాలీకి అడ్డంగా నిలబడింది. "అసలోడు ఎవరో తేలనియ్యి అన్నా. ఆయన మాట దాటితే గీన పానం పోతది. దాటకున్నా పోతదేమో. తేలనియ్యి!" ట్రాలీ వెంట నడిచి వచ్చిన సామ్యేల్ అయ్యగారు తన కండువా మడిచి రాజన్న తలకింద పెట్టి, చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

ఎస్సై ఫిర్యాదు విని నోరు తెరిచాడు. "పేరు దొంగతనమా? సైకిల్ పోయిందంటే రాసుకుంటం, బర్రె పోయిందంటే రాసుకుంటం. పేరు ఎట్ల పోతదయ్యా? నీ పేరు నీకే ఉండె గద?"

కాశీరాం సేటు కలగజేసుకున్నాడు. "పేరే మాల్, సార్! ఎనుకట ఒకడు పుచ్చు పసుపు సంచుల మీద నా కోడిపుంజు మార్కా కొట్టిండు. మాల్ వానిది, పేరు నాది. తిన్నోడు వాన్ని తిట్టలే, నన్ను తిట్టిండు. బజార్ బంద్ పెట్టినం. గంత పెద్ద నేరం!"

బ్రదర్ యొర్దాను రెండు చేతులూ పైకెత్తారు. "విన్నారా? ఇది సామాన్యమైన చౌర్యము కాదు! ఒక సత్పురుషుని పేరు పెట్టుకొని, ఆయన అనని మాట ఆయన అన్నాడని చెప్పి, ఆయనను నమ్మినవారి యొద్ద పుచ్చుకొని తినుట! పేరు ఆయనది, పొట్ట వీనిది! రేపు కీడు జరిగిన యెడల నింద ఎవరికి? పేరు గలవానికి! ఇట్టివానికి ఈ లోకమందైనను శిక్ష లేదా?"

ఠాణా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ఇంత చక్కటి ప్రసంగం ఆయన సభల్లో కూడా చెయ్యలేదు. చప్పట్లు ఆగాక సామ్యేల్ అయ్యగారు నెమ్మదిగా అన్నాడు:

"రాయండి సార్. ఆయన చెప్పింది ఒక్క అక్షరం మార్చకుంట రాయండి. ఫిర్యాది పేరు ఒక్కటి మార్చండి."

"ఎవరి పేరు రాయాలె?"

"ఎవరు అనని మాట ఎవరు అన్నడని చెప్పి భాగ్యవ్వ గోళీలు ఆపిచ్చిన్రో, ఆయన పేరు."

ఎస్సై కలం పట్టుకుని ఆలోచించాడు. "ఆయన వచ్చి సంతకం పెడ్తడా?"

"ఆయన తన మీద పెట్టిన కేసే చూసిండు గని, తను ఎవరి మీద పెట్టింది లేదు సార్," అన్నాడు ముసలాయన.

అప్పుడు ముకుంద్ తలెత్తి, "సార్, యొర్దాను అన్నది ఆయన పేరు గూడ గాదు. గది దుకాణం పేరు. మైకుల ఆ పేరు మోగిచ్చింది నేను. నాకు గూడ వాటా ఉంటది," అన్నాడు.

"అయితే మీ ఇద్దర్ల అసలోడు ఎవడు?" అన్నాడు ఎస్సై.

జనం ఒక్క గొంతుతో మార్గం చెప్పారు: గిలిగింత! అసలైనవాడి చేతిలోనే అభిషేకం ఉంటుంది. అయితే పరీక్షించే చెయ్యి ఇంతకుముందు బ్రదర్ తువ్వాల కిందికి పోనిదై ఉండాలి. ఊరంతా వెతికితే, చెంబు పట్టుకున్న సామ్యేల్ అయ్యగారిది గాక, అలాంటి చెయ్యి ఒక్కటే దొరికింది. భోజన్నను ముందుకు తోశారు.

ముకుంద్ తువ్వాల కింద భోజన్నకు చెమట తప్ప ఏమీ తగలలేదు. "ఏం లే," అన్నాడు. జనం "నకిలీ!" అని అరిచారు. తరువాత బ్రదర్ యొర్దాను చిరునవ్వుతో తువ్వాల పరిచి, కళ్లు మూసుకుని, వేళ్లు నొక్కి, చివర అరచేతిలో గోటితో సన్నగా గీకారు.

భోజన్న ఆ చెయ్యి వదల్లేదు. గట్టిగా బిగించి, తువ్వాల పీకి అవతల పారేసి, ఆ గడ్డంలోకి తేరిపార చూశాడు.

"ఓరి నీ! గంగాదాస్‌వా నువ్వు? అవతలి ఒడ్డు అంగడిల దలాల్ గంగాదాస్! నాకు కూలబడ్డ ఎద్దును అంటగట్టింది నువ్వే గద!"

బ్రదర్ డాక్టర్ యొర్దాను గారి నోట పరలోక భాష ఎగిరిపోయి సొంత భాష దిగింది. "ఏందే భోజన్నా! ఎద్దు మంచిదే! నువ్వే సరిగ మేపలే!"

భోజన్న జనం వైపు తిరిగాడు. "గీ గీకుడు మీకు దెల్వదా? బేరమైనంక దలాల్ గోటితోని గీకుతడు. 'నా దలాలీ మర్చిపోకు' అని దాని మతలబు. అంగడిల పశువులకు గూడ ఎరుకే!"

ఊరు ఊరంతా తలొంచుకుని ఎవరి అరచేతులు వాళ్లు చూసుకుంది. కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు అవే చేతులతో ముఖం తుడుచుకోబోయి ఆగిపోయారు.

భాగ్యవ్వ మాత్రం చూసుకోలేదు. చెయ్యి చీరకు గట్టిగా తుడిచి, కొంగుముడి పళ్లతో విప్పి, ట్రాలీ ఎక్కింది. సామ్యేల్ అయ్యగారు చెంబు అందించాడు.

"చేదుంటయే," అని గొణిగాడు రాజన్న.

"మింగు. తీపి మాటలు వినే గీడిదాక వచ్చినం," అంది. ట్రాక్టరు దవాఖాన వైపు కదిలింది. వైద్యం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలని డాక్టరు తిట్టాడు. రాజన్న బతికాడు. ఇప్పుడు చేను గట్టు దాకా కాదు, సగం దాకానే నడుస్తాడు. మిగతా సగం ప్రభువు పేరిట పోయింది.

ఎస్సై ముకుంద్ మైకునే తీసుకుని ఠాణా మెట్ల మీదినుంచి ఊరందరికీ వివరించాడు: కమ్మర్‌పల్లి యొర్దాను నకిలీ యొర్దాను. ఆర్మూరు యొర్దాను నకిలీ యొర్దాను కాదు గాని, యొర్దానే నకిలీ. గంగాదాస్ పేరు దొంగిలించిన ముకుంద్ నిజంగా దొంగిలించింది గంగాదాస్ దొంగిలించిన పేరు. కాబట్టి పేరుకు అసలైన సొంతదారు వీళ్లిద్దరిలో ఎవరూ కాదు, వీళ్లు లోపల ఉంటారు, మిగతా అందరూ ఇళ్లకు పొండి.

మావాళ్లకు అంతా స్పష్టంగా అర్థమైంది. ఒక్కటే అనుమానం మిగిలింది. కాశీరాం సేటు అందరి తరఫున అడిగాడు:

"మరి ఆ అసలాయనకు ఊళ్లె అడ్తి ఏడుంది?"

ఎస్సై పెంకుల చర్చి వైపు వేలు చూపించాడు. అప్పటికే సామ్యేల్ అయ్యగారు ఖాళీ చెంబుతో అటే నడుస్తున్నాడు.

"కమీషన్ ఎంతట?"

"ఏం లేదట."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, మెల్లగా ఎవరి దుకాణాలకు వాళ్లు మళ్లారు. కాశీరాం సేటు గోదాము మళ్లీ ఖాళీ అయింది కాబట్టి, వచ్చే పసుపు సీజనుకు ఇంకో మంచి అడ్తిదారును చూస్తున్నామని చెబుతూ వెళ్లాడు.

చదివి నవ్వుకుంటున్న పెద్దలకు ఒక మనవి. ఆర్మూరువాళ్లు అమాయకులని మీరు నవ్వడంలో తప్పు లేదు. కాకపోతే నవ్వేముందు మీ చేతిమీది తువ్వాల తీసి పక్కన పెట్టండి. అరచేతిలో ఏదో గిలిగింతగా ఉందంటున్నారు కదా, దానికే నవ్వొస్తోందేమో!